వంటవాడి మంచు పుస్తకం

నవంబరు నెలలో మంచు చూడడానికి వెళ్తున్నామని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. నవ్వకండి. మా అపార్టుమెంటులో కుర్రాళ్ళు లిఫ్టులో కనిపించి, "అంకుల్, మీరు ట్రావెల్స్‌లో చేశారటగా, స్కీయింగ్‌కి ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?" అని అడుగుతారు. ఎప్పుడని నేనడుగుతాను. "నవంబర్ ఎండింగ్" అంటారు. అంతే, నా మొహం మారిపోతుంది. ముసలాయనకి తిక్క అనుకుంటూ వాళ్ళు తమ అంతస్తులో దిగిపోతారు. తిక్కే. కాని ఆ తిక్కకి కారణం ఉంది, అది ఆ పిల్లలకి చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో ఎవరి పేర్లూ రాయను. కొందరికి పేరు రాసేంత మర్యాద ఇవ్వడం నాకిష్టం లేదు. ఒకాయన పేరు రాసే అర్హత నాకు లేదు.

మా ఆఫీసు సికింద్రాబాద్ స్టేషనుకి పది నిమిషాల నడక. నేను శ్రీకాకుళం జిల్లా వాణ్ణి. మా బావగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. వాళ్ళ క్వార్టరు ముందుగదిలో మకాం పెట్టి ఉద్యోగం వెతుక్కుంటుంటే ఈ ట్రావెల్స్‌లో గుమాస్తా పని దొరికింది. దొరికిన పనిలోనే ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. మొదట్లో మా వ్యాపారమంతా యాత్రలే. కాశీ, గయ, హరిద్వారం, బదరీ. బస్సు వెనక నాలుగు వరసల సీట్లు పీకేసి బియ్యం బస్తాలు, గ్యాస్ పొయ్యిలు, గంగాళాలు పెట్టేవాళ్ళం. తెలుగువాడు హిమాలయం ఎక్కినా మధ్యాహ్నానికి చారు పడాలి కదా. అందుకని మా ఆఫీసులో యజమాని తరవాత ముఖ్యమైన మనిషి వంటవాడు.

ఆ వంటాయన తాతల కాలం నుంచి లాలాగూడలోనే ఉన్న మనిషి. ఏడో తరగతి దాకా తెలుగు మీడియం. నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. వంటతో మొదలుపెట్టి, కొండదారులన్నీ తెలిసిపోయాక గ్రూపుల్ని తీసుకెళ్ళి తీసుకొచ్చే పని కూడా ఆయనే చూసేవాడు. ఎస్కార్ట్ అన్న మాట మా ఆఫీసుకి తరవాతెప్పుడో వచ్చింది. నేను మాట్లాడితే చాలు, "ఏటి సార్ ఏటి" అని నా యాసని వెక్కిరించేవాడు. ఎవరు ఏ వేళకి వచ్చినా ఆయన నోట మొదటి మాట "తిన్నరా?" అన్నదే. తినలేదంటే ఊరుకునే రకం కాదు.

ఆయన దగ్గర ఒక పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. బదరీనాథ్ గుడి నవంబరులో మూసేస్తారు. ఆఖరి యాత్ర బస్సు తిరిగి వచ్చేసినా ఆయన మాత్రం కింద జోషీమఠ్‌లో పది పదిహేను రోజులు ఉండిపోయేవాడు. ఏడాది పొడుగునా వాడిన గంగాళాలు తోమించి, గోడౌనులో సర్ది, తాళం వేసి రావాలి. ఆ ఊరికి సరిగ్గా నెత్తిమీద ఉంటుంది ఔలీ, స్కీయింగ్ చేసే కొండ. పనిలేని పూట ఆ కొండని చూస్తూ కూర్చుని ఏ రోజు ఎక్కడిదాకా మంచు పడిందో పుస్తకంలో రాసేవాడు. ఎందుకయ్యా ఇదంతా అని ఒకసారి అడిగాను.

"వంటోనికి గావాలె సార్. మంచు ఎంత కిందికొస్తే నీళ్ళు అంత తొందరగ గడ్డ కడ్తయ్. బియ్యం ఉడుకనీకి ఎంత సేపు పడ్తదో దాన్నిబట్టే ఎరుకయితది" అన్నాడు.

ఫిబ్రవరిలో కాలేజీ పిల్లల్ని ఔలీకీ, చలికాలంలో కొత్త జంటల్ని మనాలీకీ తీసుకెళ్ళినప్పుడూ రాశాడు. పన్నెండేళ్ళ రాత. దాని అట్ట నిండా పసుపు మరకలు, లోపల చారు చుక్కలు. తెలుగులో, గుండ్రటి అక్షరాలతో, ఇలా ఉండేది: "నవంబర్ 26. పై గుట్టకు మంచు లేదు. గడ్డి ఎండింది. గుర్రాలు మేస్తున్నయ్. అన్నం ఉడుకనీకి డబల్ టైము." పన్నెండు నవంబర్లలో ఔలీలో స్కీయింగుకి సరిపడా మంచు పడింది ఒకే ఒక్క ఏడు. పిల్లలూ, ఆ పుస్తకం అంత విలువైన కాగితాలు మా ఆఫీసులో ఇంకోటి లేవు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసి చేసిన పాపమిది. తెలియక చేసుంటే ఇన్నేళ్ళకి కోపం చల్లారేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఊరికి ఐటీ జ్వరం పట్టింది. బేగంపేటలో అద్దాల బిల్డింగులు లేచాయి. మా యజమానికి యాత్రలంటే చిన్నతనం వచ్చేసింది. బోర్డు మీద "యాత్రలు" చెరిపేసి "హాలిడేస్" అని రాయించాడు. గంగాళాలు కంటికి కనపడకుండా వెనక షెడ్డులోకి తోయించాడు. మా వంటాయన చేత మెరూన్ రంగు టై కట్టించాడు. ఆయన ఆ టై పట్టుకుని, "ఏందీ సార్ గిది, పసిపిల్లలకు కట్టే తాయెత్తు లెక్క?" అని అందరినీ నవ్వించాడు.

ఆ ఏడు దసరా దాటాక మాకు మొట్టమొదటి ఐటీ కంపెనీ పని వచ్చింది. ఒక టీము ఏదో పెద్ద ప్రాజెక్టు పూర్తి చేసింది. వాళ్ళని బహుమతిగా స్కీయింగుకి తీసుకెళ్ళాలి. నవంబరు ఆఖరి వారంలోనే తీసుకెళ్ళాలి. ఎందుకంటే వాళ్ళ పనంతా అమెరికా వాళ్ళ కోసం, అక్కడ ఆ గురువారం ఏదో పండగట, ఆఫీసులు మూసేస్తారు. అక్కడ సెలవైతేనే ఇక్కడి పిల్లలకి ఊపిరి. ముందూ వెనకా రెండు రోజులు కలుపుకుంటే ఒక వారం. పండగ వాళ్ళది, సెలవు మనది, మంచు మాత్రం ఎవరి మాటా వినదు. ఈ ముక్క ఆ రోజు నేను పైకి అనుంటే ఇది రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఎక్కడికి తీసుకెళ్ళాలో ఒక కాగితం తయారు చెయ్యమని యజమాని నాకు చెప్పాడు. ఊరి పేరు, ఎత్తు, హోటలు, మంచు పడే అవకాశం. నేను వంటాయన్ని పిలిచి కూర్చోబెట్టాను.

"నవంబర్ల ఔలీకి ఎవలు పోతరు సార్?" అన్నాడు వెంటనే. "ఫిబ్రవరిల పొమ్మనుండ్రి. మస్తుగుంటది."

"ఫిబ్రవరిలో వాళ్ళకి సెలవు ఉండదటయ్యా. కశ్మీరు వద్దంటున్నారు, ఇళ్ళల్లో భయపడతారని. ఇంకేటి దారి?"

ఆయన పుస్తకం తిరగేశాడు. "అయితే మనాలి మీదికెల్లి కనుమ దిక్కు తీస్కపోదాం. ఆడ గా టైముకు మంచు ఉంటది, ఇగో ఆడి జీపు డ్రైవర్లను అడిగి రాసిన జూడుండ్రి, శానా ఏండ్లు ఉన్నది. మంచు హోటల్ ముంగటనే ఉండది, జీపుల పొద్దుగాల పోయి పగటీలికి రావాలె. తొవ్వ బందయితే కింద ఊరు జూసి వస్తరు, గంతే. పరేషాన్ ఏం లేదు."

పుస్తకం నా చేతికిచ్చి, "గీ లెక్క వాళ్ళకు సుత జూపియ్యుండ్రి సార్, వాళ్ళకే సమజైతది" అన్నాడు. నేను దాన్ని నా సంచిలో పెట్టుకున్నాను.

కాని యజమాని మనసులో ఔలీయే ఉంది. తీగల మీద పెట్టెల్లో కూర్చుని కొండెక్కే రోప్‌వే ఉంది, కొండ మీదే హోటలుంది, రంగుల బ్రోషరుంది. ఆ బ్రోషరులో ఫొటో ఏ ఫిబ్రవరిలో తీసిందో గాని, వెండిపళ్ళెంలా మెరిసిపోతోంది. మంచు సంగతి హోటలుకి ఫోన్ చేసి కనుక్కోమన్నాడు. చేశాను. "హా జీ, బహుత్ బరఫ్ హై, ఆప్ ఆయియే" అన్నారు. అనరూ మరి? కాకిపిల్ల కాకికి ముద్దు. గది అద్దెకిచ్చేవాణ్ణి మంచుందా అని అడగడం, పెళ్ళికొడుకు తల్లిని పిల్లాడు మంచివాడా అని అడగడం ఒకటే. అయినా మంచు పడే అవకాశం అన్న గడిలో నేను "నవంబర్ నుంచి మార్చి" అని బ్రోషరులో ఉన్నదే ఎక్కించాను.

మీటింగు రోజు ముగ్గురం బేగంపేట వెళ్ళాం. ఆ బిల్డింగు కిందే యజమాని వంటాయనతో, "నువ్వు ఇక్కడ ఉండు, అవసరమైతే పిలుస్తాం" అన్నాడు. పైనున్నవాళ్ళ ముందు ఆయన మాటతీరు బాగుండదని యజమాని అనుమానం. ఆయన మెరూన్ టైతో సెక్యూరిటీ బల్ల పక్కన నిలబడిపోయాడు. మేమిద్దరం లిఫ్టెక్కాం.

పైన గాజు బల్ల. బల్లకి అటువైపు ఆ టీము మేనేజరు. ముప్పై రెండు ముప్పై మూడేళ్ళుంటాయి. అమెరికాలో ఉన్నప్పుడు నవంబరులో ఒకసారి స్కీయింగ్ చేశాడట, అదే తన టీముకి కూడా చూపించాలని కోరిక. "అక్కడ మెషీన్స్‌తో స్నో తయారు చేస్తారండీ. ఇక్కడ కూడా ఉంటాయిగా?" అన్నాడు. యజమాని తల ఊపేశాడు. నేనూ ఊపాను. మా ఇద్దరికీ అలాంటి మిషన్లు ఉంటాయని అంతకుముందు తెలీదు, ఔలీలో ఆ రోజుల్లో అలాంటివేమీ లేవు.

అప్పుడు ఆ మేనేజరు మంచి ప్రశ్నే అడిగాడు. ఆ మాట ఒప్పుకోవాలి. "నవంబర్ లాస్ట్ వీక్‌లో అక్కడ స్నో ఉంటుందనడానికి పాత డేటా ఏమైనా ఉందా?"

ఉంది. పన్నెండేళ్ళ డేటా నా ఒళ్ళో, సంచిలో ఉంది. నా చెయ్యి జిప్పు మీదకి వెళ్ళింది. అద్దంలాంటి ఆ బల్ల చూశాను. పసుపు మరకల అట్ట గుర్తొచ్చింది. అన్నం ఉడికే టైములు, గుర్రాలు, గుండ్రటి తెలుగు అక్షరాలు గుర్తొచ్చాయి. ఇది తీసి ఈ బల్ల మీద పెడితే వీళ్ళు నవ్వరూ అనిపించింది. యజమాని నా వంకే చూస్తున్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, "హోటలువాళ్ళు కన్ఫర్మ్ చేశారు సార్" అన్నాను, ఇంగ్లీషులో.

సిగ్గుపడాల్సినదానికి సిగ్గుపడకుండా, గర్వపడాల్సినదానికి సిగ్గుపడ్డాను. నేనూ పలాస బడిలో పలక పట్టి తెలుగులో చదువుకున్నవాణ్ణే కదా! ఆ అక్షరాలు నాకెప్పుడు నామోషీ అయ్యాయి? ఇది తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప వాయించుకోవాలనిపిస్తుంది.

కిందికి రాగానే ఆయన ఆత్రంగా ఎదురొచ్చాడు. "పుస్తకం జూపిచ్చిండ్రా సార్?"

"చూపించాను" అన్నాను.

"ఏమన్నరు?"

"ఆలోచిస్తామన్నారు."

రెండు రోజులకి ఔలీ ఖాయమైంది. ఆయన పుస్తకం కోసం చెయ్యి చాచాడు. తరవాత, "గంత లెక్క జూసి సుత ఔలీయే అన్నరంటే, మనకు తెల్వనిదేదో వాళ్ళకు తెల్సు ఉంటది సార్. పెద్ద చదువులోళ్ళు గదా" అన్నాడు. నా అబద్ధం ఆయన్ని తన లెక్కనే అనుమానించేలా చేసింది. పుస్తకం తిరిగి ఇచ్చేశాను. ఆయన దాన్ని తుడిచి తన సంచిలో పెట్టుకుని గ్రూపుతో బయల్దేరాడు.

ఆ తరవాత జరిగింది నేను చూడలేదు. ఆయన చేసిన ఫోన్ల వల్ల కొంత, ఆ టీములో ఒక అమ్మాయి చెప్పడం వల్ల మిగతాది తెలిసింది. బస్సు దిగి పైకి వెళ్తే కొండంతా గోధుమరంగు గడ్డి. గుర్రాలు మేస్తున్నాయట. మేనేజరు బ్రోషరు చేత్తో పట్టుకుని, ఆ ఫొటోలో కొండ ఏదని అడిగాడట. మిషన్లేవన్నాడట. "మన దగ్గర మీదున్న దేవుడు చేస్తేనే మంచు సార్" అన్నాడట మావాడు. రెండు రోజులు క్రికెట్ ఆడుకున్నారు. పిల్లలు నిజానికి సంతోషంగానే ఉన్నారట. వేడివేడి పులిహోర, మిరియాల చారు, ఎదురుగా మెరిసే పెద్ద శిఖరాలు, ఇంకేం కావాలి? మేనేజరుకే సరిపోలేదు. మంచు మీద టీము ఫొటో అమెరికా పంపుతానని మాటిచ్చాడట.

మూడో రోజు మేనేజరు అందరినీ ఇంకా పైకి ఎక్కించాడు. అక్కడ దేవదారు చెట్ల నీడలో, ఎండ తగలని ఒక వాలు మీద, ఎప్పుడో పడిన మంచు గడ్డకట్టి మిగిలి ఉంది. మా వంటాయన ఆ వాలుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒద్దు సార్. గిది మంచు గాదు, గడ్డ. కాలు పెడ్తే ఆగదు" అన్నాడట.

"నువ్వు గైడువా, కుక్‌వా? అన్నం సంగతి చూసుకో" అన్నాడట మేనేజరు, అందరి ముందూ.

వాళ్ళు కాళ్ళకి స్కీయింగ్ చెక్కలు కట్టుకుని వరసగా నిలబడ్డారు, ఫొటో కోసం. ఆ అమ్మాయి చివర్న నిలబడింది. అక్కడి నుంచి జారి, కింద చెట్టుకి తగిలి ఆగింది. కుడి మణికట్టు దగ్గర ఎముక విరిగింది. వంటాయన పరిగెత్తి దిగి, భోజనం బుట్టలో ఉన్న చెక్క తెడ్డు తీసి, ఆ చేతికి ఆనించి, మెడలో టై విప్పి దాంతో కట్టాడు. ఆమెని గుర్రమెక్కించి, పక్కన నడుస్తూ, "ఏం గాదు బిడ్డా, జెర ఓర్చుకో, అయిపోయింది" అంటూ కిందికి దించాడట. జోషీమఠ్ ఆసుపత్రిలో డాక్టరు ఆ కట్టు చూసి, ఎవరు కట్టారో గాని బాగా కట్టారన్నాడట.

గ్రూపు తిరిగొచ్చేసరికి ఆ కంపెనీ నుంచి ఉత్తరం మా బల్ల మీద ఉంది. మంచులేని చోటుని ఎవరు సిఫారసు చేశారు, ప్రమాదమైన వాలు మీదకి ఎవరు తీసుకెళ్ళారు, రాతపూర్వకంగా జవాబు కావాలి. యజమాని నన్ను గదిలోకి పిలిచాడు. మాట చాలా మెత్తగా ఉంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అనే రకం ఆయన.

"గ్రూపుతో ఉన్నది అతనే కదా. అతని పేరు మీద ఒక లెటర్ రాయండి. అనుభవంతో నేనే సజెస్ట్ చేశాను, పైకి నేనే తీసుకెళ్ళాను, విచారిస్తున్నాను అని. సంతకం పెట్టించండి. మీ కాగితం వాళ్ళ దగ్గరే ఉందండోయ్. అందులో 'నవంబర్ నుంచి మార్చి' అని రాసింది మీరే. గుర్తుందిగా?"

గుర్తుంది. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ వెళ్ళి టైపుమిషన్ దగ్గర కూర్చున్నాను. కంప్యూటరు వచ్చినా నాకు మిషనే అలవాటు. ఆ ఉత్తరం రాయడానికి పావుగంట కూడా పట్టలేదు. ఇంగ్లీషు చాలా బాగా కుదిరింది. అదే మండుతుంది నాకు. జీవితంలో తప్పులేకుండా ఒక్క కొట్టివేత కూడా లేకుండా రాసిన ఉత్తరం అదొక్కటే.

ఆయన మర్నాడు పొద్దున్నే వచ్చాడు. మొహం పీక్కుపోయింది. మెడలో టై లేదు. ముందు ఆ పిల్లకి ఎట్లుందని అడిగాడు. తరవాత సంచిలోంచి పుస్తకం తీసి నాకిచ్చాడు. "గీసారి కొండ మీద మంచు యాడికెల్లి షురూ అయిందో సుత రాసిన సార్. వచ్చేసారి ఎవలన్న అడిగితే పనికొస్తది. మీ దగ్గరనే ఉంచుండ్రి."

నేను కాగితం ముందుకు జరిపాను.

"ఏముంది సార్ ఇందుల?"

"ఏం లేదయ్యా. ట్రిప్పు రిపోర్టు. మామూలుదే."

పెన్ను తీసుకుని తెలుగులో సంతకం పెట్టాడు. గుండ్రటి అక్షరాలు, పుస్తకంలో ఉన్నవే.

ఆ సాయంత్రమే యజమాని ఆయన్ని రేపటి నుంచి రావద్దన్నాడు. మెత్తని వాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని ఊరికే అనలేదు. ఆయన గదిలోంచి బయటికి వచ్చి తిన్నగా నా బల్ల దగ్గరికొచ్చాడు. "సార్, నేను సంతకం చేసిన కాయితంల నాదే తప్పని రాసి ఉన్నదంటున్నడు. నిజమేనా?" ఆఫీసు మొత్తం చూస్తోంది. నేను తల ఎత్తలేదు. ఫైలు తిరగేశాను. ఆయన చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు. నోరు తెరవడానికి నాకెంత కష్టం? "కాదు" అన్న ఒక్క ముక్క. అది కూడా అనలేదు.

నాలుగైదు రోజుల తరవాత ఆ అమ్మాయి ఆఫీసుకి వచ్చింది. కుడిచేతికి కట్టు, ఎడం చేతిలో ఒక కవరు. అందులో టై ఉంది, ఉతికి ఇస్త్రీ చేసి. తోమిన చెక్క తెడ్డు ఉంది.

"అంకుల్ లేరా? ఇవి ఇచ్చేసి థాంక్స్ చెబుదామని వచ్చాను."

మానేశాడన్నాను. మానేశాడట! నా నాలుక అప్పటికీ దారిలోకి రాలేదు.

"ఆయన వద్దన్నారండీ. చెయ్యి అడ్డం పెట్టి మరీ వద్దన్నారు. మా మేనేజర్‌కి భయపడి మేమెవరం మాట్లాడలేదు. ఇప్పుడు తనే తీసుకెళ్ళానని ఆయన లెటర్ ఇచ్చారని మా ఆఫీసులో చెప్తున్నారు. ఆయన అలా రాయరు కదండీ?" అంది. ఇరవై మూడేళ్ళ పిల్ల. నా కళ్ళల్లోకి సూటిగా చూస్తూ అడిగింది.

అప్పుడు లేచాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి. యజమాని గదిలోకి వెళ్ళి, చోటు ఎంచింది నేను, పుస్తకం దాచింది నేను, ఉత్తరం రాసింది నేను, ఆయన్ని మళ్ళీ పిలవండి అన్నాను. గొంతు పెద్దదే అయింది. యజమాని కుర్చీలోంచి కదల్లేదు. "లెటర్ వెళ్ళిపోయిందండీ. వాళ్ళకి తృప్తిగా ఉంది. జనవరిలో గోవా ట్రిప్పు కూడా మనకే ఇచ్చారు. మీరు కాసిని మంచినీళ్ళు తాగండి." నేను తాగాను. పిల్లలూ, నేను రాజీనామా చేశానని, బల్ల తన్నానని రాయాలని చెయ్యి లాగుతోంది గాని, రాయను. మంచినీళ్ళు తాగి, వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ ట్రావెల్స్‌లోనే ఇంకా పదేళ్ళు చేసి, శాలువా కప్పించుకుని రిటైరయ్యాను.

ఆ ఆదివారం మాత్రం లాలాగూడ వెళ్ళాను. కవరు ఒక చేతిలో, పుస్తకం ఇంకో చేతిలో. వర్క్‌షాపు గోడ వెనక రెండు గదుల ఇల్లు. ఆయన గుమ్మంలో కూర్చుని ఉల్లిగడ్డలు తరుగుతున్నాడు. పక్క వీధిలో ఎవరింట్లోనో సాయంత్రం విందుకి వంట ఒప్పుకున్నాడట. నన్ను చూసి కుర్చీ వేశాడు. నేను కవరు ఆ కుర్చీలో పెట్టాను గాని, కూర్చోలేదు. మొత్తం చెప్పాను. ఉత్తరం సంగతి ఆయనకి తెలిసిందే. తెలియనిది ఇంకోటుంది కదా, అది కూడా చెప్పాను. పుస్తకం ఆ రోజు పైన సంచిలోంచి తియ్యనే లేదని.

కత్తి ఆగింది. "జూపియ్యలే?"

"లేదు."

"నీ సంచిలనే ఉండెనా?"

పన్నెండేళ్ళలో ఆయన నన్ను నువ్వు అనడం అదే మొదలు.

"ఎందుకు?"

నిజం చెప్పాను. సిగ్గేసిందన్నాను.

ఆయన లేచాడు. అరుస్తాడనుకున్నాను. అరిచాడు కూడా. "సిగ్గా? నా రాత జూసి నీకు సిగ్గా? కాయితం మీద సంతకం చేపిచ్చినప్పుడు రాలే సిగ్గు? నౌకరి పోయినందుకు నాకు తక్లీఫ్ లేదు, చేతుల పనున్నది, ఎట్లనన్న బతుకుత. గని వాళ్ళు నా లెక్క జూసి సుత కాదన్నరంటే, నా లెక్కల్నే ఏదో తప్పున్నదనుకున్న. ఇన్ని దినాలు నాకు నేనే తక్వ అనుకున్న. ఆ పిల్ల చెయ్యి విరిగితే నా వల్లనే అనుకున్న!" లోపల్నుంచి ఆయన భార్య బయటికి వచ్చి, నన్ను చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన పుస్తకం నా చేతిలోంచి లాక్కుని ఆఖరి పేజీ తెరిచాడు. పెన్ను ఇచ్చాడు. "రాయి. అయ్యింది అయినట్టు రాయి. తెలుగుల రాయి."

గోడకి ఆనించి, నిలబడే రాశాను. "నవంబరు ఆఖరి వారం. ఔలీ. మంచు లేదు. ఉండదని ఈయన ముందే చెప్పాడు. ఈ పుస్తకం చూపించమన్నాడు. నేను దాచాను. పైకి వెళ్ళొద్దని కూడా ఈయన చెప్పాడు. ఈయన తప్పేమీ లేదు. అంతా నాది." కింద సంతకం పెట్టాను. ఎన్నో ఏళ్ళుగా ఇంగ్లీషులో పెట్టే అలవాటు, ఆ రోజు తెలుగులో పెట్టాను, అలవాటు తప్పి అక్షరాలు వంకర పోయాయి.

ఆయన పుస్తకం తీసుకుని, ఉల్లిగడ్డ తడి అంటిన వేలు ఒక్కో మాట కింద పెట్టుకుంటూ, పైకి చదివాడు. మొదట్నుంచి చివరిదాకా. చదవడం అయ్యాక మళ్ళీ మొదట్నుంచి ఇంకోసారి చదివాడు.

"గిది చదవొస్తది నాకు" అన్నాడు.

పుస్తకం లోపల అలమరలో పెట్టి వచ్చి, పీట మీద కూర్చుని, కత్తి తీసుకున్నాడు. లోపల అన్నం ఉడుకుతోంది, పప్పులో తిరగమోత వేసిన ఘుమఘుమ వాకిట్లోకి వస్తోంది. పన్నెండు గంటలు దాటింది. నేను వెళ్ళొస్తానన్నాను. ఆయన తల ఊపాడు. వీధి చివర దాకా నెమ్మదిగా నడిచాను, వెనక నుంచి పిలుస్తాడేమోనని. అన్ని ఏళ్ళలో అన్నం వేళకి ఎన్నిసార్లు ఎదురుపడినా, ఆయన నన్ను "తిన్నరా?" అని అడగనిది ఆ ఒక్క రోజే.